అయిదు లక్షల ఇల్లు మధ్యలో ఆగకుండా: పల్లెలో చిన్న ఇంటిని పూర్తిచేయడం ఎలా?

మా ఊరి చెరువు దారిలో ఒక బేస్‌మెంటు ఉంది. మూడు పడక గదులు, పూజ గది, ముందు విశాలమైన వరండా వచ్చేలా నాలుగేళ్ల కిందట ముగ్గు పోశారు. బంధువులంతా వచ్చి కొబ్బరికాయ కొట్టారు. ఆ తరవాత మొన్నటి దాకా అందులో జిల్లేడు మొక్కలు నడుమెత్తు పెరిగి, మధ్యాహ్నం పూట మేకలు ఎక్కి పడుకునేవి. ఇంటివాళ్లు పక్కనే రేకుల షెడ్డులో కాపురం. వాళ్ల దగ్గర డబ్బు లేక కాదు. చిన్న ఇల్లు మొత్తానికి సరిపోయే డబ్బును పెద్ద ఇంటి పునాదిలో పోసేశారు.

ఇలాంటి బేస్‌మెంటు లేని ఊరు నాకు కనిపించలేదు. అందుకని ఈ వ్యాసంలో అందమైన ఇంటి గురించి చెప్పను. సొంత స్థలం, ప్రభుత్వ సాయం, చేతిలో కాస్త డబ్బు ఉన్నవాళ్లు గోడల దగ్గరో స్లాబు దగ్గరో ఆగిపోకుండా తలుపు బిగించి లోపలికి వెళ్లేదాకా ఏ పని ఎప్పుడు చేయాలో చెబుతాను.

ముందు కాగితం

స్థలం ఎవరి పేరు మీద ఉందో చూడండి. పట్టా తాత పేరు మీద ఉండి, ఇల్లు కోడలి పేరు మీద మంజూరైతే పేచీ అక్కడే మొదలవుతుంది. తెలంగాణ ప్రభుత్వ పథకమైన ఇందిరమ్మ ఇళ్లను ఇంటి ఆడవాళ్ల పేరు మీదే మంజూరు చేస్తారు కాబట్టి, స్థలం పంపకాలు ఏవైనా ఉంటే దరఖాస్తుకు ముందే తేల్చుకోండి. గ్రామకంఠంలో ఉన్న పాత ఇళ్లకు చాలాచోట్ల పట్టా ఉండదు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఉంటే స్వామిత్వ సర్వేలో (ఊళ్లోని ఇళ్ల స్థలాలను డ్రోన్‌తో కొలిచే కేంద్ర పథకం) ఇచ్చిన ఆస్తి కార్డు, అన్నీ ఒక సంచిలో పెట్టుకుని పంచాయతీ కార్యదర్శిని కలవండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ సచివాలయంలో అడగాలి.

ఆధార్‌లో, బ్యాంకు పాసు పుస్తకంలో పేరు ఒక్కలాగే ఉందా? ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, మరోదాంట్లో పొడి అక్షరం ఉంటే ఇప్పుడే సరిచేయించండి. చిన్న విషయమే అనిపిస్తుంది. ప్రభుత్వ సాయం బిల్లు ఆగిన రోజున మాత్రం కొండంత అవుతుంది.

మంజూరు పత్రం చేతికి రాకముందు, అధికారి వచ్చి ముగ్గు పోసిన స్థలాన్ని ఫొటో తీసి యాప్‌లో ఎక్కించకముందు గునపం ముట్టకండి. మంచి ముహూర్తం దాటిపోతుందని ముందే తవ్వినవాళ్లు బిల్లు కోసం కాళ్లరిగేలా తిరగడం చూశాను. ముహూర్తానికి ఒక గంప మట్టి తీసి పక్కన పెట్టండి, చాలు.

డబ్బు ఎంత వస్తుందో కాదు, ఎప్పుడు వస్తుందో రాసుకోండి

తెలంగాణలో 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల రూపాయలు ఇస్తారు. అవి ఒకేసారి రావు. మొదట ప్రకటించిన లెక్కలో బేస్‌మెంటు పూర్తయ్యాక 1,00,000. గోడలు లేచాక 1,25,000. స్లాబు పోశాక 1,75,000. ఇల్లు పూర్తయ్యాక మిగిలిన 1,00,000. కేంద్రం 2016లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో మైదాన ప్రాంతాలకు 1,20,000, కొండ ప్రాంతాలకు 1,30,000 సాయం. ఇంటి పనికి 90 నుంచి 95 రోజుల ఉపాధి కూలి, మరుగుదొడ్డికి 12,000 దీనికి అదనం. ఇక్కడా విడతలే. ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్ ధర, అంటే ఒక్కో ఇంటికి లెక్కగట్టిన మొత్తం, 2025 నాటికి 1,80,000గా ఉండేది. అక్కడ మధ్యలో ఆగిపోయిన ఇళ్లు ఎన్ని పేరుకున్నాయంటే, వాటిని పూర్తిచేయడానికి ఎస్సీ, బీసీలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ గిరిజన తెగలవారికి లక్ష అదనంగా ఇస్తామని 2025 మార్చిలో ప్రభుత్వమే ప్రకటించాల్సి వచ్చింది.

ఇందిరమ్మ ఇంటి లెక్కలో అసలు సంగతి ‘పూర్తయ్యాక’ అన్న మాట. ప్రతి దశలోనూ ముందు మీరు పెట్టాలి, తరవాత ప్రభుత్వం ఇస్తుంది. అంటే మొదటి బిల్లు పడేవరకు బేస్‌మెంటు మొత్తం మీ సొంత డబ్బుతోనే లేవాలి. ఆ బిల్లుతో గోడలు, గోడల బిల్లుతో స్లాబు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఇల్లు ఆగిపోతుంది.

ఒక నోటు పుస్తకంలో నాలుగు పేజీలు తీసుకుని ఒక్కో దశకు ఒక్కో పేజీ ఇవ్వండి. ఎడమవైపు ఆ దశకు అయ్యే ఖర్చు రాయండి. సిమెంటు, ఊచలు, ఇటుక, ఇసుక, కూలి, ట్రాక్టరు కిరాయి, ఆఖరికి కూలీల టీ ఖర్చుతో సహా. కుడివైపు ఆ రోజుకు చేతిలో ఉండే డబ్బు. కుడివైపు తక్కువైన పేజీ ఏదో అక్కడే మీ ఇల్లు ఆగబోతోందన్నమాట. ఆ పేజీకి అప్పు ఎక్కడ దొరుకుతుందో పని మొదలుపెట్టకముందే చూసుకోండి.

అప్పు అంటే ముందుగా మహిళా సంఘంలో, బ్యాంకులో అడగండి. బయటి అప్పు రెండు రూపాయల వడ్డీకి తెస్తే లక్షకు నెలకు 2,000. బిల్లు మూడు నెలలు ఆలస్యమైతే 6,000 ఊరికే పోయినట్టు. పదిహేను, ఇరవై బస్తాల సిమెంటు ఖరీదది. అందుకే ఒక దశ పూర్తయిన రోజునే ఫొటో తీయించండి. రేపు వస్తానన్న అధికారికి ఎల్లుండి ఫోను చేయడానికి మొహమాటపడకండి.

గీత గీయడం: 400 చదరపు అడుగుల్లో ఏం పడుతుంది?

ఇందిరమ్మ ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, 600 దాటకూడదు. కేంద్ర పథకంలో కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 269 చదరపు అడుగులు. ఒక సెంటు 435.6 చదరపు అడుగులు కాబట్టి రెండు సెంట్ల స్థలంలో 400 అడుగుల ఇల్లు కట్టినా సగానికి పైగా ఖాళీ మిగులుతుంది. పశువు, నీళ్ల తొట్టి, బట్టలు ఆరేసుకునే తీగ, కరివేపాకు చెట్టు, అన్నింటికీ ఆ ఖాళీ కావాలి.

బయటి కొలత 16 అడుగుల వెడల్పు, 26 అడుగుల పొడవు అనుకోండి. 416 చదరపు అడుగులు. బయటి గోడ తొమ్మిది అంగుళాలు, అడ్డగోడ నాలుగున్నర అంగుళాలు పోను ముందు గది పద్నాలుగున్నర అడుగులకు తొమ్మిది. మధ్యలో పడక గది పదికి ఎనిమిదిన్నర, దాని పక్కన నాలుగు అడుగుల నడక దారి. వెనక తొమ్మిదికి ఆరు వంటగది, అయిదుకు ఆరు స్నానాల గది. నలుగురున్న ఇంటికి ఇది ఇరుకు కాదు. స్థలంలో ఈ కొలతలతో ముగ్గు పోసి, లోపల మంచం, బీరువా ఎక్కడ పడతాయో చీపురుపుల్లలు పరిచి చూసుకోండి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. తలుపు తెరిస్తే మంచానికి తగులుతుందని గోడలు లేచాక తెలియడం కంటే అది నయం.

గుమ్మం ఎటు ఉండాలో వాస్తు పంతులు చెబుతారు. కిటికీల సంగతి మాత్రం మీరే చూసుకోవాలి. ఎదురెదురు గోడల్లో కిటికీలుంటేనే గాలి ఆడుతుంది. పడమటి గోడకు పెద్ద కిటికీ పెడితే మేలో సాయంత్రం దాకా ఎండ లోపలే ఉంటుంది. ప్రతి కిటికీ మీదా రెండడుగుల సజ్జ దించండి.

పునాది: నేలను అడగాలి, పక్కింటి గోడను కూడా

మట్టి పరీక్షకు డబ్బులు లేకపోతే చుట్టుపక్కల ఇళ్ల గోడలు చూడండి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు ఉంటే కింద నల్లరేగడి ఉందేమో అనుమానించండి. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఏటా గోడను కాస్త ఎత్తి, కాస్త దించుతుంది.

ఎర్రనేల, మొరం నేల అయితే మూడు, నాలుగు అడుగుల్లో గట్టి నేల తగులుతుంది. అక్కడ ఒక్క అంతస్తు ఇంటికి రాతి పునాది, దాని మీద కాంక్రీటు ప్లింత్ బీము (గోడ మొదలయ్యే చోట ఇంటి చుట్టూ వేసే పట్టీ), ఆపైన తొమ్మిదంగుళాల గోడ చాలు. ఈ రోజుల్లో రెండు గదుల ఇంటికి కూడా తొమ్మిది పిల్లర్లు లేపుతున్నారు. ‘రేపు మీద అంతస్తు వేస్తాం కదా’ అంటారు. ఆ రేపటి అంతస్తు కోసం పెట్టిన ఇనుము ఖర్చే ఇవాళ్టి ఇంటిని ఆపుతుంది. మీద అంతస్తు అయిదేళ్లలో నిజంగా వేసే పని లేకపోతే పిల్లర్లు వద్దు. పిల్లర్లు లేకుండా గోడల మీదే నిలిచే ఇంటికి ప్లింత్ దగ్గర, తలుపులు, కిటికీల పైన వచ్చే లింటెల్ దగ్గర మాత్రం ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు పట్టీ వేయించండి. కోస్తా తుపాను ఊళ్లలో ఇది తప్పనిసరి.

నల్లరేగడి అయితే ఈ పొదుపు పనికిరాదు. ఎండాకాలంలో నేల ఎంత లోతు దాకా నెర్రెలిస్తుందో దానికి కిందికి పునాది దిగాలి, లేదా రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన, అడుగున గడ్డలా ఉబ్బి ఉండే పైల్స్ (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) వేయాలి. ఇది ఇంజినీరు లెక్క కట్టాల్సిన పని. హౌసింగ్ ఏఈని (గృహనిర్మాణ శాఖ అసిస్టెంట్ ఇంజినీరును) స్థలం దగ్గరికి పిలిచి గుంత చూపించండి. మీరు చేయగలిగింది ఒకటుంది. తవ్విన నల్లమట్టిని తిరిగి బేస్‌మెంటులో నింపనివ్వకండి. మొరమో ఇసుకో తెప్పించి, అరడుగు మందాన పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, మళ్లీ అరడుగు. ఒకేసారి ట్రాక్టరు బోర్లించి పైన నీళ్లు వదిలితే రెండో ఏడాదికి గచ్చు కుంగుతుంది.

బేస్‌మెంటు ఎత్తు వీధి మీద కనీసం రెండడుగులు ఉంచండి. ఊళ్లో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోస్తారు. పదేళ్లలో మీ గడప రోడ్డుకు కిందికి పోతుంది.

సరుకు: నమ్మకం వద్దు, తూకం వేయండి

ఇటుకల లారీ వచ్చినప్పుడు దించకముందే నాలుగు ఇటుకలు తీసుకోండి. రెండింటిని ఒకదానికొకటి కొడితే కంచు మోగినట్టు ఖణేల్‌మనాలి. ఒకదాన్ని నడుమెత్తు నుంచి నేల మీదికి బల్లపరుపుగా వదలండి, పగలకూడదు. మరోదాన్ని తూచి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. మూడు కిలోల ఇటుక నానాక మూడు కిలోల ఆరు వందల గ్రాములు దాటితే అది నీళ్లు తాగే ఇటుక, గోడ చెమ్మెక్కుతుంది. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం వంటి థర్మల్ కేంద్రాలకు దగ్గరి ఊళ్లలో బూడిద ఇటుక చవగ్గా దొరుకుతుంది. కొలత అంతా ఒక్కలాగే ఉంటుంది కాబట్టి గిలాబుకు సిమెంటు కూడా తగ్గుతుంది. పచ్చిగా ఉన్నవి మాత్రం తీసుకోకండి.

ఇసుకకు గాజు సీసా చాలు. సగం ఇసుక, పైన నీళ్లు, చెంచా ఉప్పు వేసి కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద ఒండు పొరలా పేరుకుంటుంది. ఇసుక పది సెంటీమీటర్లుంటే ఒండు ఎనిమిది మిల్లీమీటర్లు మించకూడదు.

ఊచల దగ్గరే ఎక్కువ మోసం. 12 మీటర్ల పొడవున్న ఊచ 12 ఎంఎం అయితే సుమారు 10.65 కిలోలు, 10 ఎంఎం అయితే 7.4 కిలోలు, 8 ఎంఎం అయితే 4.75 కిలోలు తూగాలి. ఊచ మందాన్ని ఎంఎంలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. మా తమ్ముడి ఇంటికి దింపిన పన్నెండు ఎంఎం ఊచల్లో ఒకదాన్ని కాటా మీద పెడితే తొమ్మిదిన్నర కిలోలు కూడా తూగలేదు. కొట్టువాడు మారుమాట లేకుండా వెనక్కి తీసుకున్నాడు. మారుమాట లేకపోవడమే నాకు విచిత్రంగా అనిపించింది.

గోడలో వెయ్యికి రెండు వందల యాభై ఇటుకలు మిగుల్చుకోవడం

ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడ్డ వాస్తుశిల్పి లారీ బేకర్ తిరువనంతపురం చుట్టుపక్కల వందల ఇళ్లను ఒక పాత కట్టుబడితో కట్టాడు. ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు, ఎలుకబోను కట్టుబడి అనుకోవచ్చు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు. తొమ్మిదంగుళాల గోడలో అటొక ఇటుక, ఇటొక ఇటుక, మధ్యలో మూడంగుళాల బోలు. ఇటుకలు పావు వంతు తగ్గుతాయి, సున్నమో సిమెంటో ఇంకా తగ్గుతుంది. మధ్యలోని గాలి వల్ల ఎండ తొందరగా లోపలికి దిగదు.

దీనికి షరతులున్నాయి. అంచులు చెదరని, కొలత తేడా లేని ఇటుక కావాలి. మొదటి వరస, కిటికీ అడుగు వరస, లింటెల్ కింది వరస, స్లాబు కింది వరస బోలు లేకుండా గట్టిగా కట్టాలి. కరెంటు పైపులు, కొళాయిలు వచ్చే చోటూ అంతే. మీ మేస్త్రీకి ఈ పద్ధతి తెలియకపోతే మీ ఇంటి మీద నేర్చుకోమనకండి. ముందు ప్రహరీ నాలుగడుగులు కట్టించి చూడండి. చేయి తిరగకపోతే మామూలు కట్టుబడే మేలు.

స్లాబు రోజు

ఆ రోజు పొద్దున్న నుంచి మీరు అక్కడే ఉండాలి. పెళ్లిపందిట్లో ఆడపిల్ల తండ్రి ఉన్నట్టు.

సజ్జా అంచులతో కలిపి 460 చదరపు అడుగుల స్లాబు, అయిదంగుళాల మందం అనుకుంటే సుమారు 190 ఘనపుటడుగుల కాంక్రీటు. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర వేస్తే దాదాపు 43 బస్తాలు పడతాయి. సాయంత్రానికి ఖాళీ బస్తాలు లెక్కపెట్టండి. ముప్పైకి దగ్గర్లో ఆగితే ఎక్కడో కొలత తప్పింది.

గొడవంతా నీళ్ల దగ్గరే. బస్తా సిమెంటుకు 25 లీటర్లు, మహా అయితే 27. బిందెల లెక్క ముందే ఒప్పుకోండి.

“కాస్త జారుడుగా లేకపోతే మూలలకు పోదు సార్, ఇంకో బిందె పొయ్యమనండి” అన్నాడు మా మేస్త్రీ.

“మూలలకు వైబ్రేటరు తోస్తుంది మేస్త్రీ గారూ, కిరాయి నేనిస్తాను” అన్నాను.

ఆ వైబ్రేటరు కిరాయి ఇంట్లో పెట్టిన ఖర్చులన్నింటిలోకీ సార్థకమైనది. ఎక్కువ పోసిన నీరు ఆవిరైపోయాక దాని చోటు సన్నని రంధ్రాలై మిగులుతుంది. మూడో వానకు ఆ రంధ్రాల నుంచే స్లాబు కారుతుంది. ఊచలు సెంట్రింగు రేకులకు ఆనకుండా కింద సిమెంటు బిళ్లలు పెట్టారో లేదో కాంక్రీటు రాకముందే వంగి చూడండి. రాళ్ల ముక్కలు పెడితే తీయించండి.

మర్నాటి నుంచి మట్టి కట్టలు కట్టి స్లాబు మీద నీళ్లు నిలపండి. కనీసం పది రోజులు, ఎండాకాలమైతే రెండు వారాలు. సెంట్రింగు విప్పమని కిరాయివాడు తొందరపెడతాడు. రెండు వారాలు దాటకుండా స్లాబు కింది కర్రలు తీయనివ్వకండి.

వేసవికి ముందు డాబా మీద రెండు చేతులు సున్నం కొట్టండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమంటూ తెచ్చింది కూడా తెల్లని కప్పు ఎండను వెనక్కి కొడుతుందనే. మన పెద్దవాళ్లు దీనికి విధానాలేమీ రాయలేదు, సున్నం కొట్టి ఊరుకున్నారు.

మరుగుదొడ్డికి రెండు గుంతలు

చాలామంది లోతుగా ఒక్కటే గుంత తవ్వి, అది నిండితే ట్యాంకరును పిలుస్తారు. దానికంటే మీటరు లోతు, మీటరు వెడల్పున్న రెండు గుంతలు మేలు. మధ్యలో మీటరు దూరం, గోడలకు నీరు ఇంకే కన్నాలు, అడుగు మట్టి నేలే. ఒకటి నిండాక దారి రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాదిన్నర మూసి ఉంచితే వాసన లేని ఎరువవుతుంది. నమ్మకం కుదరకపోతే వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిని తలుచుకోండి. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అక్కడ గుంతలోకి స్వయంగా దిగి ఆ ఎరువును చేత్తో తీసి చూపించారు. బావికి, బోరుకు కనీసం పది మీటర్ల దూరం పాటించండి. నీటిమట్టం పైకి ఉన్న డెల్టా ఊళ్లలో ఈ గుంతలు కుదరవు, ఏఈని అడిగి సెప్టిక్ ట్యాంకు కట్టుకోండి.

చివరి లక్ష

ఇక్కడ చేతులు అలసిపోతాయి, జేబు ఖాళీ అవుతుంది. ఏది ఆగగలదో ఏది ఆగలేదో తేల్చుకోండి. ఫాల్ సీలింగు, గేటు, మెరిసే టైల్స్, రంగులు ఆగగలవు. తలుపులు, మరుగుదొడ్డి, ఎర్తింగుతో సహా వైరింగు, వానజల్లు కొట్టే గోడకు బయటి గిలాబు ఆగలేవు. నేలకు తాండూరు బండో బేతంచెర్ల బండో పరిస్తే టైల్స్ కంటే చల్లగా ఉంటుంది, తడిసినా జారదు. పాత ఇంటి తలుపులు, దూలాలు బాగుంటే సిగ్గుపడకుండా వాడండి. మా ఇంటి వెనక తలుపు మా తాత నాటి టేకుది. ముందు తలుపు కొత్తది, అదే ముందు ఉబ్బింది.

పూర్తయిన ఇంటి ఫొటో ఎక్కించి ఆఖరి బిల్లు పడ్డాక పంచాయతీలో ఇంటి నంబరు, ఆ నంబరుతో కరెంటు మీటరు తీసుకోండి.

ఇప్పటికే పెద్ద బేస్‌మెంటు వేసి ఆగిపోయారా?

మొత్తం పూర్తిచేయాలన్న పంతం వదిలి, అందులోనే వంటగది వైపు రెండు గదులు, స్నానాల గది విడగొట్టండి. కొత్తగా అడ్డగోడ లేచే చోట కింద పునాది ఉందో లేదో తవ్వి చూడండి. లేకపోతే అక్కడ మాత్రం వేయించాలి. బయటికొచ్చిన ఊచలు తుప్పుపట్టి పొరలు లేస్తుంటే ఇనుప బ్రష్షుతో రుద్ది, ఎంత మిగిలిందో ఇంజినీరుకు చూపించాకే కాంక్రీటు పోయండి. పథకం సాయం అడిగేటట్టయితే పాత బేస్‌మెంటును ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి.

చెరువు దారిలోని బేస్‌మెంటు మీద మొన్న ఉగాది దాటాక రెండు గదులకు గోడలు లేచాయి. పూజ గది అనుకున్న చోట ఇంటావిడ బీర పాదు పెట్టింది.